శరత్కాలపు కొల్లేటిలో ఆరు రోజులు

మొదటి రోజు: అక్టోబరు 28, సోమవారం

తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలై, ఊరిని నడుమ పెట్టుకుని, కొల్లేటి వైపు దిగిపోతుంది. నేను పుట్టి పెరిగింది ఆ రెండు పాయల మధ్యనే కాబట్టి, శరదృతువులో ఊరికి వచ్చినప్పుడల్లా ముందుగా వంతెన మీద నిలబడి ఏటిని చూడటం నాకు చిన్ననాటి నుంచి అలవాటు. ఈ ఏడు, అంటే 2024లో, ఆ చూపు వెనుక ఒక ఆందోళన కూడా ఉంది. ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట కురిసిన కుంభవృష్టికి బుడమేటికి గండ్లు పడి విజయవాడలో సగం మునిగింది. ఆ నీరంతా చివరకు చేరవలసిన చోటు కొల్లేరే. పత్రికలు విజయవాడ గురించి రాశాయి, రాయవలసిందే. కాని, ఆ నీరు వచ్చి చేరిన తరువాత కొల్లేటిలో చేప ఏమైంది, వల వేసుకుని బతికే లంక గ్రామాల వారికి ఈ ఆశ్వయుజ, కార్తీకాలు ఎలా గడుస్తున్నాయి అన్నది ఎక్కడా చదవలేకపోయాను. దీపావళికి మూడు రోజుల ముందుగా బయలుదేరింది అందుకే.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ సహజంగా ఏర్పడిన పల్లం. పై నుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి ఏళ్లు, ఇంకా లెక్కకు మించిన మురుగు కాలువలు వచ్చి కలుస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. రాకకు పలు దారులు, పోకకు ఒకే దారి ఉన్న ఈ అమరికను మనసులో పెట్టుకుంటే కొల్లేటి వేటలోని మంచిచెడ్డలు సగం అర్థమవుతాయి.

మధ్యాహ్నానికి గుడివాకలంక చేరాను. నాతో చదువుకున్న మిత్రుడి మేనమామ అక్కడ ఉంటారు. నేను కూడా ఆయనను మావయ్యా అనే పిలుస్తాను. డెబ్బై దాటిన మనిషి, ఇప్పటికీ దోనె ఎక్కుతారు. కాళ్లు కడుక్కోగానే నన్ను ఒడ్డుకు తీసుకువెళ్లి, వంగి, రెండు దోసిళ్ల నీళ్లు పైకి తీసి, వేళ్ల సందుల్లోంచి మెల్లగా వదిలారు.

“తేరుకున్నాయి అల్లుడూ. వినాయక చవితికి ఇవే నీళ్లు ఎర్రమట్టి కలిపినట్టు ఉండేవి. దసరాకి పాలు విరిగినట్టు అయ్యాయి. ఇప్పుడు చూడు, చెయ్యి కనబడుతోంది.”

నిజమే. మోచేతి వరకు ముంచినా గోళ్లు కనబడుతున్నాయి. కొండ వాగులు మోసుకొచ్చిన ఒండ్రు అడుగుకు దిగింది. నీటి రంగు పలచని ఆకుపచ్చగా, లోతున్న చోట నల్లగా ఉంది. వరద తరువాత ఇంత త్వరగా తేరుకోవడానికి కారణమేమిటని అడిగాను. దానికి ఆయన ఉప్పుటేటి వైపు చేయి చూపించి, నీరు కదులుతోంది, అదే కారణం అన్నారు. ఆ మాట ఈ ఆరు రోజులూ నా వెంట నడిచింది.

రెండవ రోజు: అక్టోబరు 29, మంగళవారం

తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచాము. బహుళ ద్వాదశి చంద్రుడు తూర్పున సన్నగా పొడిచి ఉన్నాడు. కొల్లేటి దోనె అంటే తాటి మొద్దును తొలిచి చేసినది. మొద్దు అడుగున వేళ్లు పుట్టే చోట ఉండే లావుపాటి భాగం ముక్కుగా మిగులుతుంది. దానిలో ఒక్కరు నిలబడటమే కష్టం. అందుకే బరువు మోయవలసి వచ్చినప్పుడు రెండు దోనెలను పక్కపక్కన కట్టి జంటగా నడుపుతారు. నా కోసం అలా కట్టించారు. వెనుక మావయ్యగారి పెద్ద కొడుకు గెడ వేస్తున్నాడు, ముందు ఆయన కూర్చుని దారి చెబుతున్నారు. నడుములోతు నీరు, కొన్ని చోట్ల ఛాతీలోతు. కొల్లేరు వైశాల్యంలో పెద్దదే కాని లోతులో పెద్దది కాదు. చలి దేశాల లోతైన సరస్సులలో శరత్కాలంలో పైనీరు చల్లబడి బరువెక్కి అడుగుకు దిగడం, అడుగునీరు పైకి రావడం జరుగుతుందని, దానితో చేప లోతులు మారుస్తుందని చదివాను. ఇక్కడ ఆ ప్రసక్తి లేదు. ఇంత పలచని నీటిని ఒక గట్టి గాలి అడుగుదాకా కలిపేస్తుంది. ఇక్కడి శరత్తు నీటిమట్టంలో, నీటి రంగులో, గాలి దిక్కులో కనిపిస్తుంది.

మావులు పెట్టిన చోటికి చేరేసరికి తూర్పు తెల్లబడింది. మావు అంటే వెదురు బద్దలతో అల్లిన బోను. చేప లోపలికి జొరబడటానికి దారి ఉంటుంది, వెనక్కి రావడానికి ఉండదు. సాయంత్రం నీటిలో దించి తెల్లవారుజామున ఎత్తుతారు. కిక్కిస గడ్డి అంచున, కాలువలా నీరు నడిచే సన్నని దారుల్లో, నోరు గడ్డి వైపుకు పెట్టి వరుసగా ఇరవై నాలుగు మావులు దించి ఉన్నాయి. వరద పెరిగేటప్పుడు చేప గడ్డిలోకి, మునిగిన పచ్చికలోకి పాకుతుంది. అక్కడ దానికి పురుగూ పుట్రా సమృద్ధిగా దొరుకుతాయి. ఆశ్వయుజం దాటి నీరు తీసేటప్పుడు అదే చేప గడ్డి వదిలి కాలువకు దిగుతుంది. కనుక శ్రావణంలో ఒక దిక్కుకు ఉన్న మావు నోరు ఇప్పుడు మరో దిక్కుకు తిరుగుతుంది. వినడానికి చిన్న సంగతే. కాని, నీరు తీయడం మొదలైన రోజును రెండు మూడు రోజుల తేడాతో పసిగట్టలేని వాడికి ఆ వారమంతా మావులు ఖాళీగా లేస్తాయి.

మొదటి మావులో బొమ్మిడాయిలు, పాముల్లా మెలికలు తిరుగుతూ, అయిదారు. రెండవదానిలో చేదుపరిగెలు గుప్పెడు, ఒక మట్టగిడస. మూడు, నాలుగు ఖాళీ. ఆరవదాన్ని ఎత్తుతుండగానే బరువు తెలిసింది. కిలోకు తగ్గని కొరమీను, నల్లని వీపు, పొట్ట మీద పాలపొంగు తెలుపు. ఆ తరువాత జెల్లలు, వాటి ముళ్లు గుచ్చుకోకుండా పట్టే నేర్పు ఆ కుర్రవాడి వేళ్లకు తెలుసు. ఇంగిలాయి ఒకటి వస్తే మాత్రం తండ్రీ కొడుకులిద్దరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. దాని ముల్లు గుచ్చుకుంటే పూటంతా మంట ఆగదట. ఇరవై నాలుగు మావులకు పదకొండింటిలో ఏదో ఒకటి పడింది. వరద ఏడాదికి ఇది తక్కువేమీ కాదని, తన చిన్నతనంలో అయితే ఒక్క మావు ఎత్తడానికి ఇద్దరు కావలసి వచ్చేదని మావయ్యగారు చెప్పారు. ఆ మాటలో అతిశయం ఉందేమోనన్న అనుమానం నాకు కలగలేదు. మా ఇంటికి బుట్టతో చేపలు తెచ్చే ఆమె నలభై ఏళ్ల కిందట తూకం వేసేది కాదు, దోసిలితో కొలిచి వేసేది.

నీరు తేరుకోవడం వేటకు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఇక్కడ ఒకే జవాబు లేదు. మావుకు మంచిది, ఎందుకంటే తేరిన నీటిలో చేప చురుకుగా తిరుగుతుంది. వలకు కష్టం, ఎందుకంటే పగటివేళ దారం చేపకు కనబడుతుంది. అందుకే నీళ్లలో నిలబెట్టే వలలను ఈ రోజుల్లో చీకటి పడ్డాకే దించుతారు, అందులోనూ అమావాస్య ముందు రాత్రులను ఎంచుకుంటారు. విసురువలను పొద్దుట పొగమంచు ఉండగానే విసురుతారు. గాలానికి మాత్రం తేరిన నీరే కావాలి. చిన్న కప్పను గుచ్చి గడ్డి సందులో ఆడిస్తే కొరమీను చూసి మరీ వస్తుంది.

తిరిగి వస్తుండగా, కలువ ఆకుల నడుమ నీటి మీద అరచేయంత మేర నారింజ రంగు కదలాడుతూ కనిపించింది. అది కొరమీను పిల్లల గుంపు. వందల కొద్దీ పిల్లలు ఉండలా తిరుగుతూ, గాలి కోసం పైకి వచ్చి బుడగలు వదులుతాయి. వాటి కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. కొరమీను మొప్పలతోనే కాక నేరుగా గాలి పీల్చి కూడా బతికే చేప. ఆ సమయంలో అక్కడ గాలం వేస్తే పెద్ద చేప తప్పక దొరుకుతుంది, పిల్లల దగ్గరికి వచ్చిన దేన్నయినా అది కరుస్తుంది. మావయ్యగారు గెడను ఆపించి, దోనెను దూరంగా తిప్పించారు. తల్లిని తీస్తే ఆ పిల్లలను మిగతా చేపలు పొద్దెక్కేలోపు మింగేస్తాయి. ఎవరూ చూడని చోట కూడా ఆ నియమం పాటించే మనిషిని నేను గౌరవించకుండా ఉండలేను.

ఆ మధ్యాహ్నం అత్తయ్య చేసిన బొమ్మిడాయిల పులుసు గురించి రాయాలంటే ఈ కథనం దారి తప్పుతుంది. చింతపండు పులుపు, మెంతిపొడి, మట్టి దాక, అంతవరకే చెబుతాను.

మూడవ రోజు: అక్టోబరు 30, బుధవారం

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే రోడ్డు కొల్లేటి మీదుగా సాగుతుంది. పెదయడ్లగాడి వంతెన దగ్గర ఆగి చాలాసేపు నీటిని చూశాను. వంతెన కింద నీరు దక్షిణంగా పోతోంది. దాని వడి అంతటా ఒకేలా లేదు. కొన్ని ఖానాల కింద బాగా లాగుతోంది. మరికొన్నింటికి గుర్రపుడెక్క అడ్డం పడి, దాని మీద గడ్డి, దాని మీద కొంగలు. ఒక పిల్లవాడు ఆ తెప్ప మీద అడుగు పెట్టి చూస్తే మోకాలి వరకే దిగబడ్డాడు.

ఊదారంగు పూలతో చూడముచ్చటగా ఉండే ఈ మొక్క దక్షిణ అమెరికా నుంచి మన దేశానికి వచ్చింది. పై నుంచి మురుగు, చెరువుల మేత కలిసిన నీరు వస్తున్నంత కాలం దానికి తిండికి లోటు లేదు. నీటిని అది కప్పేసిన చోట ఎండ లోపలికి దిగదు, ఎండ లేక నాచు పెరగదు, నాచు లేక పగటిపూట నీటిలో ప్రాణవాయువు పుట్టదు. కింది ఆకులు కుళ్లి ఉన్న కాస్త వాయువునూ తినేస్తాయి. అక్కడ శీలావతి, బొచ్చె వంటివి నిలవలేవు. గాలి పీల్చగల కొరమీను, మట్టగిడస, మార్పు అనే చేప మాత్రమే మిగులుతాయి. ఏ చోట ఏ చేప పడిందో చూసి ఆ నీటి ఆరోగ్యాన్ని చెప్పవచ్చునన్న మాట.

శరత్తులో గాలి తిరగడం ఈ తెప్పలను కదిలిస్తుంది. నైరుతి గాలులు వీచినంత కాలం అవి ఏలూరు వైపు ఒడ్డుకు పేరుకుంటాయి. ఈశాన్యం మొదలయ్యాక దక్షిణపు ఒడ్డుకు కొట్టుకుపోతాయి. నిన్న దోనె నడిచిన దారి నేడు మూసుకుపోవచ్చు, నిన్న మూసిన దారి తెరుచుకోవచ్చు. దానా తుపాను ఒడిశా వైపు వెళ్లిపోయి అయిదు రోజులే అయింది, గాలి ఇంకా నిలకడగా లేదు. వంతెన దగ్గర కలిసిన ఒక యువకుడు తన వల ఒక తెప్ప కింద చిక్కి రాత్రికి రాత్రే అర కిలోమీటరు జరిగిపోయిందని, వెతికి తీసేసరికి సగం చిరిగిందని చెప్పాడు. కొత్త వలకు అప్పు చేయవలసిందే.

సాయంత్రం కొల్లేటికోట వెళ్లి పెద్దింట్లమ్మను దర్శించుకున్నాను. జాతర ఫాల్గుణంలో జరుగుతుంది కాబట్టి ఇప్పుడు గుడి నిశ్శబ్దంగా ఉంది. ఇక్కడ ఒక పాత కథ చెబుతారు. గజపతుల కాలంలో కోటను శత్రువులు ముట్టడించారు. కొల్లేటి నీటిని దించి కోటలోకి నడిచి రావాలని సముద్రం వైపు కాలువ తవ్వారు. శత్రువుపై గెలుపు కోసం కోటలోని గజపతుల సేనాపతి తన కుమార్తెనే బలి ఇచ్చాడు. ఆ కాలువే ఉప్పుటేరు అని కథ. చరిత్రగా దీన్ని నమ్మనక్కరలేదు. అయినా ఈ జనం తమ కథలో కూడా నీరు బయటికి పోవడం గురించే చెప్పుకున్నారు. సరస్సు పుట్టుక గురించి చెప్పుకోలేదు.

నాలుగవ రోజు: అక్టోబరు 31, గురువారం

ఆటపాకలో గూడబాతులు (పెలికాన్లు) అప్పటికే చేరాయి. నీటిలో నిలబెట్టిన ఇనుప మంచెల మీద, చెట్ల మీద గూళ్లు కడుతున్నాయి. అక్టోబరు నుంచి వేసవి మొదటి వరకు వాటి సంసారం ఇక్కడే. అవి గూడు కట్టే కాలమూ, చేప గడ్డి వదిలి బయటికి వచ్చే కాలమూ ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు. నీరు తీస్తున్నప్పుడు పలచబడిన నీటిలో చేప సులువుగా దొరుకుతుంది, పిల్లలకు మేత దొరుకుతుంది. వల వేసే మనిషీ, సంచి గొంతు పక్షీ ఒకే లెక్క చూసుకుని బతుకుతున్నారు.

ఆటపాక నుంచి కైకలూరు చుట్టుపక్కల ఎటు చూసినా చేపల చెరువులే. 1970లలో సహకార సంఘాల పేరిట కొల్లేటి గర్భంలో చెరువులు తవ్వడానికి ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. పేద మత్స్యకారుల కోసమని మొదలైన ఆ పని తరువాత పెట్టుబడి ఉన్నవారి చేతికి పోయింది. 1999లో సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీతకు లోపల ఉన్న 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్సర్ జాబితాలో చేరింది. 2006లో యంత్రాలతో చెరువు గట్లను పెద్ద ఎత్తున పగలగొట్టారు. ఆ తరువాత కొన్ని మళ్లీ లేచాయి. ఈ వ్యవహారంలో ఎవరి పక్షం వహించినా మరొకరి కూడు పోయే ప్రమాదం ఉంది కనుక తొందరపడి మాట్లాడను. ఒక్కటి మాత్రం కళ్లతో చూశాను: గట్టు ఉన్న చోట నీరు చుట్టు తిరిగి పోవలసి వస్తుంది, చుట్టు తిరిగే నీరు ఆగుతుంది, ఆగిన చోట గుర్రపుడెక్క పెరుగుతుంది.

చెరువుల్లో శరత్కాలం భయంతో గడిచే కాలం. ఆకాశం మబ్బు పట్టి గాలి స్తంభించిన రోజున, తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. చేపలు నోళ్లు పైకి పెట్టి తేలుతాయి. అందుకే రాత్రంతా నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి, రోడ్డు మీద పడుకున్నా ఆ చప్పుడు వినిపిస్తుంది. ఒక గట్టు మీద కాపలా ఉన్న మనిషి ఒకప్పుడు కొల్లేటిలో స్వయంగా వేటాడినవాడట. ఇప్పుడు నెల జీతానికి ఇతరుల చేపకు కాపలా. “కొల్లేటి చేప దాని ఊపిరి అదే చూసుకునేదండీ” అన్నాడతను, అంతకంటే ఏమీ అనలేదు.

చీకటి పడేసరికి గుడివాకలంక తిరిగి చేరాను. పిల్లలు గోగుకాడలకు గుడ్డలు చుట్టి దివ్విటీలు తిప్పుతున్నారు. ప్రతి గడప ముందూ ప్రమిదలు. ఆ వెలుగు నీటిలో పడి రెండింతలై కనిపిస్తుండగా, నలుగురు దోనెలలో వలలు పెట్టుకుని చీకట్లోకి బయలుదేరారు. పండగనాడు కూడానా అని అడిగితే, ఇంత మంచి చీకటి మళ్లీ నెలకు కాని రాదన్నారు.

అయిదవ రోజు: నవంబరు 1, శుక్రవారం

ఇంత దూరం వచ్చి ఉప్పుటేరు చూడకుండా వెళ్లకూడదని ఆకివీడు ప్రయాణమయ్యాను. మావయ్యగారు తాము కూడా వస్తామన్నారు. అమావాస్య గడియలు సాయంత్రం వరకు ఉన్నాయి. వంతెన దగ్గర ఒడ్డున చెట్టు నీడలో కూర్చున్నాము. నీటి మీద తేలిపోయే గుర్రపుడెక్క గుత్తులను గుర్తు పెట్టుకుని, అవి రెండు స్తంభాల మధ్య దూరం దాటడానికి పట్టే సమయాన్ని గడియారంతో చూశాను. ఉదయం పది గంటల ప్రాంతంలో ఒక గుత్తి ఒక నిమిషంలో దాటిన దూరం, మధ్యాహ్నానికి మూడు నిమిషాలు తీసుకుంది. పోటు వేళ సముద్రం ఎదురు నెడుతున్నప్పుడు ఏటి నడక అలా మందగిస్తుంది. పాటు వేళ మళ్లీ లాగుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది కాబట్టి, ఆ రోజుల్లో పైన భారీ వర్షం పడితే కొల్లేరు దిగడానికి దారి దొరకదు. వరదనాడు లంకలు ఎన్ని రోజులు మునుగుతాయన్నది తిథిని బట్టి కూడా ఉంటుందని మావయ్యగారు చిన్ననాడే నేర్చుకున్నారట. నేను ఆ గడియారం పట్టుకుని కూర్చున్నాకే నమ్మగలిగాను.

ఈ ఏటి మీదే కొల్లేటి చేప సగం ఆధారపడి ఉంది. నీలకంఠ రొయ్యను తీసుకోండి. నీలి గిట్టలతో, జానెడు పొడవు పెరిగే ఆ రొయ్య బతికేది మంచినీటిలో. కాని, గుడ్లు పొదిగే ఆడ రొయ్య వానాకాలపు ప్రవాహం వెంట ఉప్పునీరు కలిసే చోటికి దిగుతుంది. దాని పిల్లలకు తొలి రోజుల్లో కాస్త ఉప్పు లేనిదే ప్రాణం నిలవదు. కొన్ని వారాలు పెరిగి, కాళ్లు గట్టిపడ్డాక, అవి ప్రవాహానికి ఎదురు పాకుతూ మళ్లీ మంచినీటికి ఎక్కుతాయి. పండుగప్ప చేపది కూడా ఇంచుమించు ఇలాంటి కథే. అది గుడ్లు పెట్టేది సముద్రపు నీటిలో, దాని పిల్లలు ఏటి వెంట పైకి వచ్చి చిన్న చేపలను తిని బలుస్తాయి. ఈ రాకపోకలకు ఉన్న వాకిలి ఉప్పుటేరు ఒక్కటే. అది పూడుకుపోయినా, రెండు పక్కలా గట్లు జరిగి ఇరుకైనా, అడ్డుకట్టలు పడినా, కొల్లేటిలో ఆ రకాలకు పుట్టినిల్లు దూరమవుతుంది.

వేసవిలో పై నుంచి నీరు రానప్పుడు సముద్రపు ఉప్పునీరు ఇదే దారిన కొల్లేటి దాకా ఎక్కుతుంది, అప్పుడు లంకల్లో తాగునీటికి అవస్థ. అందువల్ల ఉప్పుటేటి మీద రెగ్యులేటర్లు కట్టాలన్న కోరిక చాలా కాలంగా ఉంది. ఆ కోరిక న్యాయమైనదే, ఉప్పునీరు తాగి ఎవరూ బతకలేరు. అయితే, తలుపులు వేసే నెలలూ తీసే నెలలూ నిర్ణయించేటప్పుడు పైకి పాకే రొయ్యపిల్లను కూడా లెక్కలోకి తీసుకోవాలని నా ప్రార్థన. వరద కాలంలో పూర్తిగా తెరిచి, వేసవిలో మాత్రమే దించే పద్ధతి అయితే రెండూ నిలబడతాయని అనుకుంటున్నాను. చేపలు తెలిసిన మనిషిని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టకుండా తీసుకునే నిర్ణయం మంచిది కాదు.

మధ్యాహ్నం తరువాత ఆకాశంలో తూర్పున మబ్బు లేచి, పలచని జల్లు కురిసి వెలిసింది. జల్లు పడగానే ఒడ్డున విసురువల పట్టుకుని ఉన్న ఇద్దరు చప్పున లేచారు. నీటి మీద చినుకు చప్పుడుకు, చల్లదనానికి పరక చేపలు పైకి వస్తాయట. మూడు విసుర్లలో వారికి కూరకు సరిపడా దొరికాయి. నాలుగవసారి వలను విసరకుండా మడిచి భుజాన వేసుకున్నారు. ఈశాన్య రుతుపవనాల జల్లు అంటే ఇక్కడివారికి ఇష్టం. తుపాను అయితే వేరు. అప్పుడు మావులు, వలలు అన్నీ ముందే ఎత్తి ఇంటి చూరు కింద పెట్టుకోవలసిందే.

ఆరవ రోజు: నవంబరు 2, శనివారం

కార్తీక శుద్ధ పాడ్యమి. తెల్లవారకముందే ఊరి ఆడవాళ్లు నీటిలో మునిగి దీపాలు వదిలారు. అరటి దొప్పలు నెమ్మదిగా కదిలి, నలభై గజాల అవతల దారానికి గుచ్చినట్టు ఒక వరుసలో నిలిచాయి. ఆ వరుస ఉన్న చోటే నీటి నడక ఉన్న చోటు. నేను దాన్ని అప్పటివరకు గుర్తించలేదు.

ఈ నెల రోజులు చాలా ఇళ్లలో నీచు వండరు. వండే ఇళ్లలోనూ సోమవారాలు మానేస్తారు. కనుక కొరమీనుకు కూడా ధర పడిపోతుంది. చెరువు చేపకు ఆ బెంగ లేదు, మంచు నింపిన లారీల్లో బెంగాల్‌కు, అస్సాంకు పోతుంది. లంక మనిషి పట్టేది బుట్టెడు, దానికి లారీ రాదు. వేటకు అన్నిటికంటే అనువైన నెల, కొనేవారు అందరికంటే తక్కువగా ఉండే నెల ఒకటే కావడం వారికి ఏటేటా వచ్చే కష్టం. బతికి ఉండే కొరమీనును, మార్పును అత్తయ్య పెరట్లో సిమెంటు తొట్టెలో వదిలి, మార్గశిరం కోసం దాచుతున్నారు. గాలి పీల్చే చేప కాబట్టి అంత కొద్ది నీటిలోనూ తట్టుకుంటుంది. బొమ్మిడాయిలను, పరిగెలను ఉప్పు పట్టించి తాటాకు చాప మీద ఎండబెడుతున్నారు.

బస్సుకు ఇంకా వ్యవధి ఉండటంతో చివరిసారి ఒడ్డుకు వెళ్లాను. మావయ్యగారు మావులను ఒకటొకటిగా ఎత్తి, నాచు గీకి, విరిగిన బద్దల స్థానంలో కొత్తవి కట్టి ఎండకు ఆనిస్తున్నారు. నేను వచ్చిన రోజున ఒడ్డున గెడకు కత్తితో పెట్టిన గీత ఇప్పుడు నీటికి బెత్తెడు పైన ఉంది. ఆరు రోజులకు బెత్తెడు. నాగుల చవితి నాటికి గడ్డి మొదళ్లు బయటపడతాయని, అప్పుడు మావులను ఇక్కడి నుంచి తీసి నడిమి కాలువకు మార్చాలని ఆయన కొడుకుతో చెబుతున్నారు. ఆ అబ్బాయి గీత వైపు ఒకసారి చూసి, “చవితి దాకా ఎందుకు నాన్నా, ఆదివారమే మారుద్దాం” అన్నాడు. ఆయన కాసేపు నీటిని చూసి, సరేనన్నారు.